పదకొండేళ్ల అబ్బాయికి లెదర్ బాల్ ఆడేందుకు ఏ బ్యాట్ కొనాలి?

మీ అబ్బాయి ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు అన్నారు. సైజు 5 కొనాలా 6 కొనాలా, చెక్క ఇంగ్లిష్ విల్లోనా కశ్మీర్ విల్లోనా (బ్యాట్లు చేసే రెండు రకాల చెక్క) అని అడిగారు. ముందు తేల్చుకోవాల్సింది సైజేనండీ. నన్నడిగితే 5 కాదు, 6 కాదు, 4 కొనండి.

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. మా వాణ్ణి వేసవి సెలవుల్లో కోచింగ్‌లో చేర్చినప్పుడు వాడూ దాదాపు అంతే ఎత్తు. ఎదిగే పిల్లాడు కదా, ఏడాదికే పొట్టిదైపోతుందని సైజు 6 కొన్నాను. చొక్కా వదులైతే చేతులు మడిచి తొడగొచ్చు, బ్యాట్‌కి ఆ వీలు లేదు. నెల తిరిగేసరికి ప్రతి బంతినీ లెగ్ సైడుకే లాగడం మొదలుపెట్టాడు. ధ్యాస లేదని రోజూ కేకలేసేవాణ్ణి.

ఒక శనివారం కోచ్ నన్ను నెట్ పక్కన నిలబెట్టి వాడి చేతులు చూడమన్నారు. బ్యాట్ ఎత్తేటప్పుడు కుడిచెయ్యి జారి హ్యాండిల్ అడుగుకి వచ్చేస్తోంది. ఎడమ మణికట్టు వణుకుతోంది. ఇంకో పిల్లాడి సైజు 4 ఇప్పించి త్రోడౌన్లు (దగ్గర నుంచి చేత్తో విసిరే బంతులు) వేశారు. నాలుగో బంతికే బ్యాట్ నిటారుగా వచ్చింది, బంతి ఆయన పక్కనుంచే నేల మీద దూసుకుపోయింది. అన్నాళ్లూ పిల్లాణ్ణి తిట్టానే అని ప్రాణం ఉసూరుమంది.

అందుకే అబ్బాయిని షాపుకి తీసుకెళ్లండి, వాడి గ్లౌజులు, షూస్‌తో సహా. పై చెయ్యి ఒక్కదానితోనే (కుడిచేతి వాటమైతే ఎడమచెయ్యి) బ్యాట్ ఎత్తి, డిఫెన్స్ ఆడినట్టు మెల్లగా దించమనండి. అలా పదిసార్లు. బ్యాట్ ఊగినా, మోచెయ్యి పక్కకు పోయినా ఆ బ్యాట్ వాడికి బరువే. త్రాసులో సమానంగా తూగిన రెండు బ్యాట్లలో కూడా ఒకటి చేతికి బరువనిపిస్తుంది, చెక్క మందం కిందివైపు ఎక్కువుంటే అంతే. మామూలుగా 4 అడుగుల 9 నుంచి 11 అంగుళాల వరకు సైజు 4, 5 అడుగుల 2 దాకా సైజు 5 సరిపోతాయి. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ.

ఇక చెక్క సంగతి. కశ్మీర్ విల్లో సాధారణంగా కొంచెం బరువు, ధర తక్కువ. మొదటి ఏడాదికి అందులోనే తేలికైనది ఏరుకుంటే చాలు. గ్రెయిన్స్ (చెక్క మీది నిలువు గీతలు) లెక్కపెట్టి డబ్బు పోయకండి, ఆ తేడా మంచి హెల్మెట్‌కి పెట్టండి.

కొన్న రోజే నెట్స్‌కి పంపొద్దు. ముడి అవిసె నూనె పలుచగా బ్యాట్ ముఖానికి, అంచులకు, అడుగుకు రాసి, హ్యాండిల్ జాయింటుకి తగలకుండా చూసి, ఆరనివ్వండి. తర్వాత బ్యాట్ ముఖాన్ని చెక్క సుత్తితో, మొదట మెల్లగా, కొట్టాలి. మేం మూడు వారాలు రోజూ సాయంత్రం డాబా మీద పావుగంట కొట్టాం, ఆపైన పాత బంతితో ఆడించాం. అలా మేం కొన్న సైజు 4తో మా వాడు పద్నాలుగు నెలలు ఆడాడు. ఇప్పుడది మా చెల్లెలి కొడుకు దగ్గరుంది.