మేముండేది శ్రీకాకుళం. పదేళ్ల పిల్లాడు ఫోన్ వదలడం లేదు. ప్రకృతికి దగ్గర చేయాలంటే అడవి క్యాంపులో చేర్పించాలా?

క్యాంపు మంచిదే కానీ మొదలు దానితో అక్కర్లేదు. ముందు దిక్కులు నేర్పండి. ఏప్రిల్, మే రాత్రుల్లో కరెంటు పోయినప్పుడు డాబా ఎక్కితే సప్తర్షి మండలం, అంటే గిన్నెకు తోక తగిలించినట్టుండే ఏడు చుక్కలు, బాగా కనిపిస్తుంది. అందులో తోక లేని చివరనున్న రెండు చుక్కలను కలిపి, ఆ గీతను వాటి మధ్య దూరానికి దాదాపు ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం. అటు ఉత్తరం. మన ఊరు సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ చుక్క కూడా నేల అంచు నుంచి అంతే ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు. అంటే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. వాడినే కొలవనివ్వండి, మీరు చెప్పేయకండి!

చలికాలంలో టెక్కలి దగ్గరి తేలినీలాపురం తీసుకెళ్లండి. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తలదూర్చి చేప తినడం బైనాక్యులర్‌లో చూశాక ఫోన్ ఎవడికి గుర్తొస్తుంది? గూళ్ల కిందికి మాత్రం వెళ్లొద్దు, అరవొద్దు.

నిప్పు రాజేయడం, కత్తి పట్టడం తర్వాత చూడొచ్చు, అదీ పెద్దవాళ్లు పక్కనుంటేనే. పొదల్లోకి వెళ్తే బూట్లు, చీకటి పడితే టార్చి తప్పనిసరి. పాము కరిస్తే గాటు పెట్టడం, కట్టు బిగించడం లాంటివి చేయకుండా నేరుగా ఆసుపత్రికే.