దేవుడికి ఉద్వాసన, మంత్రికి ఉద్వాసన

సందేహం: వ్రతం పూర్తయ్యాక పురోహితుడు పసుపు గణపతికి 'ఉద్వాసన చెప్పండి' అన్నారు. మర్నాడు పేపర్లో 'ఇద్దరు మంత్రులకు ఉద్వాసన' అని చదివాను. పదవి ఊడగొట్టడానికి వాడే మాటని దేవుడి దగ్గర వాడటం అపచారం కాదా? 'ఉత్ + ఆసన' కాబట్టి ఆసనం మీంచి లేపేయడమేనని మా మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: చిక్కంతా మీ మిత్రుడు చేసిన విడదీతలోనే ఉంది. ఉత్ + ఆసన అయితే 'ఉదాసన' కావాలి. ఉత్ + ఆసీనుడు 'ఉదాసీనుడు' అయినట్టే. మరి మధ్యలో ఈ వకారం ఎక్కణ్నుంచి ఊడిపడింది? అది 'వస్' ధాతువులోది. నివసించడం అని అర్థం. నివాసం, ఆవాసం, ప్రవాసం, ప్రాజెక్టుల వార్తల్లో వచ్చే నిర్వాసితులు అన్నీ ఆ ఇంటి పిల్లలే. (ముక్కుకు తగిలే వాసనతో దీనికి చుట్టరికం లేదు.) 'ఉత్' చేరి, ప్రేరణార్థం (చేయించడం అనే అర్థం) కలిసి, ఉన్నచోటు నుంచి కదిలించి పంపడం ఉద్వాసనమైంది. తెలుగులో చివరి సున్న రాలి ఉద్వాసన. వెళ్లగొట్టడం అనే అర్థం సంస్కృతంలోనూ ఉంది, పత్రికలవాళ్లు పుట్టించింది కాదు. యజ్ఞంలో కాలిన పురోడాశాన్ని (ఆహుతిగా వేసే పిండిరొట్టెని) నిప్పు మీంచి దించడాన్నీ ఉద్వాసనమనే అంటారు. మర్యాద, అమర్యాద అన్నవి ఈ మాటలో లేవు, పక్కనున్న మాటల్లో ఉన్నాయి.

పూజలో ఆ పక్కమాటలేమిటో చూడండి. 'యథాస్థానం ఉద్వాసయామి, శోభనార్థే పునరాగమనాయ చ' అంటూ అక్షతలు వేసి పసుపు ముద్దని కొద్దిగా కదుపుతారు. స్వామీ, తమ చోటికి తాము దయచేయండి, శుభం కోసం మళ్లీ రండి అని. మొదట్లో ఆవాహన చేసి పిలుచుకొచ్చాం కనక చివర్లో సాగనంపుతున్నాం. ఇందులో గెంటివేత ఎక్కడుంది? ఇంటికొచ్చిన చుట్టాన్ని వీధి గుమ్మందాకా వెళ్లి పంపినట్టు లేదూ!

అందుకే ఆవాహన లేని చోట ఉద్వాసనా లేదు. భాగవతం ఏకాదశ స్కంధం 27వ అధ్యాయంలో కృష్ణుడు ఉద్ధవుడికి ఈ సంగతే చెబుతాడు: స్థిరంగా ప్రతిష్ఠించిన మూర్తికి ఈ రెండూ ఉండవు, కదిలించగల చలమూర్తికి చేసినా చేయకపోయినా సరే, నేల మీద ఏర్పరచిన స్థండిలంలో పూజిస్తే రెండూ చేయాలి. గుళ్లో మూలవిరాట్టుకు రోజూ ఉద్వాసన చెప్పకపోవడానికి కారణం ఇదే. రాకపోకలు లేని ఇంటాయన్ని సాగనంపడమేమిటి?

ఇక మంత్రిగారి సంగతి. సంస్కృతంలో పాత అర్థం ఉన్నా, తెలుగు వార్తల్లోకి ఈ మాట పూజగది నుంచే వచ్చిందని నా అభిప్రాయం. సాక్ష్యం క్రియాపదమే. 'ఉద్వాసన పలికారు' అని రాస్తారు. ఉత్తర్వు ఇచ్చి తీసేసేవాళ్లు పలికేదేముంటుంది? మంత్రం చెప్పి పంపే అలవాటు వల్లే 'చెప్పు', 'పలుకు' ఆ మాటని అంటిపెట్టుకుని వచ్చాయి. తెలుగువాళ్లకి పూజాద్రవ్యాలతో ఎకసెక్కాలాడటం కొత్త కాదు. పై అధికారి అక్షింతలు వేస్తాడు, నమ్మినవాడు శఠగోపం పెడతాడు, ఎన్నికల ముందు నాయకుడు ఇంకో పార్టీ తీర్థం పుచ్చుకుంటాడు, పథకానికి మంగళం పాడతారు. ఉద్వాసన కూడా ఆ వరసలోదే. కాకపోతే పత్రికల ఉద్వాసనలో 'పునరాగమనాయ చ' ఒక్కటే ఎగిరిపోయింది. ఆ ముక్క కోసమే పాపం పదవి పోయినవాళ్లు పడిగాపులు పడేది. కాబట్టి పురోహితుడి మాటా ఒప్పే, పేపరు మాటా ఒప్పే. 'వీడ్కోలు' అని మార్చనక్కర్లేదు.

మీరు అడగలేదు గాని, వినాయకుడికి ఉద్వాసన చెప్పాకే నీళ్లలో కలుపుతారు. దాన్ని చాలామంది 'నిమర్జనం' అని రాస్తున్నారు. బహుశా 'విసర్జనం' చెవిలో మోగి ఆ రేఫ వచ్చి చేరినట్టుంది. మునగడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మజ్జనానికి ముందు 'ని' చేరింది, అంతే. నిమజ్జనం అనే రాయండి.