హెడ్‌లైట్లు మసకబారాయి: రుద్దించాలా, మార్చాలా, కారే మార్చేయాలా?

ప్రశ్న: సార్, మా కారు కొని పదకొండేళ్లయింది. ఇంజన్ బాగానే ఉంది. కానీ హెడ్‌లైట్ల పైనుండే ప్లాస్టిక్ పచ్చబడి, పొగ పట్టినట్టయింది. రాత్రిపూట రోడ్డు సరిగా కనిపించక టెన్షన్‌గా ఉంటోంది. మెకానిక్ రెండు డూములూ, అంటే హెడ్‌లైట్ల సెట్లు మొత్తంగా, మార్చేయమంటున్నాడు. మా అన్నయ్యేమో టూత్‌పేస్ట్‌తో రుద్దితే చాలంటాడు. మావారు మాత్రం, పాత కారు మీద డబ్బు పోసే బదులు లోన్ తీసుకుని కొత్తది కొందామంటున్నారు. నిజానికి ఇంకో మూడేళ్లు దీంతోనే నెట్టుకురావాలన్నది మా ప్లాన్. అత్యవసర నిధి ఇప్పుడిప్పుడే కూడబెడుతున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక్క మాటమ్మా. ఈ పని తేలేవరకు తప్పనిసరైతే తప్ప రాత్రిపూట కారు తీయకండి. అమెరికాలోని వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2018లో ఇలాంటి పాత లైట్లను పరీక్షించింది. బాగా పచ్చబడిన లెన్స్‌ల నుంచి, అంటే మీరన్న ఆ పై ప్లాస్టిక్ నుంచి, బయటికొచ్చిన వెలుతురు, కొత్తవాటితో పోలిస్తే దాదాపు 20 శాతమే. అంటే బల్బు వెలుగుతూనే ఉన్నా రోడ్డు మీద పడాల్సిన కాంతిలో ఐదింట నాలుగు వంతులు పోయినట్టే. అందుకే దీన్ని కారు అందానికి పెట్టే ఖర్చుగా చూడను. బ్రేకులకు, టైర్లకు పెట్టే ఖర్చు పక్కనే రాస్తాను. వచ్చే నెలకో, పండక్కో వాయిదా వేయకూడని ఖర్చు ఇది.

అలాగని మెకానిక్ చెప్పినదానికి వెంటనే సరే అనకండి. రూపాయి ఖర్చు లేకుండా చేసే పరీక్ష ఒకటుంది. లెన్స్‌ను శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. తర్వాత తడి వేలితో ఒకచోట రుద్ది, అక్కడి నుంచి లోపలికి చూడండి. తడి ఉన్నంతసేపు బల్బు స్పష్టంగా కనిపించి, ఆరగానే మళ్లీ పొగమంచు కమ్మినట్టయితే మసక బయటి వైపే ఉంది. పైపొరలోని సన్నటి గీతల్లో నీళ్లు నిండి, కాంతి చెదరకుండా చేస్తాయి కాబట్టి అలా కనిపిస్తుంది. తడిపినా తేడా లేకపోతేనో, లోపల నీటి బిందువులు ఉంటేనో, బల్బు వెనకాల అద్దంలా మెరవాల్సిన రిఫ్లెక్టర్ మాడిపోయి ఉంటేనో పైన ఎంత రుద్దినా డబ్బు దండగ. అప్పుడు మెకానిక్ మాటే నిజం.

మీ కారు వయసును బట్టి చూస్తే బయటి మసకే అయ్యే అవకాశం ఎక్కువ. ఒకప్పుడు హెడ్‌లైట్ అద్దం నిజంగా గాజుతోనే ఉండేది. 1980ల నుంచి క్రమంగా పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ వచ్చింది. అది తేలిక, రాయి తగిలినా గాజులా పగలదు. కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేదు. అందుకే ఫ్యాక్టరీలో దాని మీద గట్టి రక్షణ పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకు ఆ పూత చచ్చిపోయి, కింది ప్లాస్టిక్ పచ్చబడుతుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీ డబ్బు నిలుస్తుందా పోతుందా అన్నది మొత్తం ఈ పూత మీదే ఆధారపడి ఉంది.

మీ అన్నయ్య చెప్పిన టూత్‌పేస్ట్‌లో కొద్దిపాటి గరుకుదనం ఉంటుంది కాబట్టి పైపైన కాస్త మెరుపొస్తుంది. పూత మాత్రం రాదు. కొంతకాలానికే మళ్లీ మొదటికొస్తుంది. దోమలు కుట్టకుండా ఒంటికి కొట్టుకునే స్ప్రే కొట్టి తుడిస్తే తళతళలాడుతుందని చూపించే వీడియోలు కూడా ఉన్నాయి. ఆ జోలికి అసలు పోకండి. అందులోని రసాయనం ప్లాస్టిక్ పైపొరను మెత్తబరుస్తుంది. అప్పటికి మెరిసినా తర్వాత మరింత పాడవుతుంది.

సరైన పద్ధతి ఇది. లెన్స్ చుట్టూ పెయింట్‌కు తగలకుండా మాస్కింగ్ టేప్ వేయాలి. నీళ్లు చల్లుతూ 1000 నంబర్ వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) రుద్దాలి. మసక మరీ దట్టంగా ఉంటే 800తో మొదలుపెట్టాలి. తర్వాత 2000, ఆపైన 3000. మొదట్లో కారే నీళ్లు పసుపు కలిసిన పాలలా ఉంటాయి. అది చచ్చిపోయిన పాత పూత. ఆ పసుపు పోయి తెల్లటి నీళ్లు వచ్చేదాకా తర్వాతి పేపర్‌కు వెళ్లకూడదు. ఈ మధ్యదశలో లెన్స్ ముందుకన్నా అధ్వానంగా, చలికి మంచు పట్టిన గాజులా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే హడలిపోయి ఆపేస్తారు. భయపడక్కర్లేదు, 3000 పేపర్ తర్వాత పాలిష్ కాంపౌండ్‌తో రుద్దగానే తేటపడుతుంది. చివరగా శుభ్రంగా తుడిచి, ఆరాక యూవీ పూత, అంటే ఆ అతినీలలోహిత కిరణాలను ఆపే పూత వేయాలి. ప్యాకెట్ మీద చెప్పినంతసేపు తడి తగలనివ్వకూడదు.

ఆ చివరి పనిని వదిలేస్తే ముందు చేసిందంతా వృథా. ఇది నా అనుభవం. కొన్నేళ్ల క్రితం నా పాత కారుకు ఒకచోట పాలిష్ చేయించాను. అద్దంలా వచ్చింది, సంతోషంగా డబ్బిచ్చి వచ్చాను. యూవీ పూత వేశారా అని అడగాలని అప్పుడు నాకు తోచలేదు. నాలుగైదు నెలలకే మళ్లీ పచ్చబడింది. పాత పూత గీకేసి కొత్తది వేయకపోతే ప్లాస్టిక్ ఎండకు నేరుగా దొరికిపోతుందని అప్పుడు తెలిసింది. రెండోసారి మళ్లీ అంతే ఖర్చయింది. కాబట్టి బయట చేయిస్తే బిల్లు మీద యూవీ పూత అని రాయించుకోండి. ఇంట్లో చేసుకుంటే పేపర్లు, కాంపౌండ్‌తో పాటు ఆ పూత కూడా కలిసున్న కిట్ మాత్రమే కొనండి.

ఇక డబ్బు లెక్క. లెక్క సులువుగా ఉండటానికి, కొత్త డూముల జతకు 100 పాళ్లు, మంచి కిట్‌కు 10 పాళ్లు అనుకుందాం. మీరు కనుక్కున్న అసలు ధరలను వీటి స్థానంలో వేసుకోండి. మరో మూడేళ్లు కారు వాడతారు. పూత ఏడాదిన్నర నిలుస్తుందనుకున్నా ఈలోగా రెండుసార్లు చేయాలి. 20 పాళ్లు, అంటే ఏడాదికి 7 లోపే. కొత్త జతకైతే ఏడాదికి 33. తేడా చాలా ఉంది. అదే మీరు ఎనిమిదేళ్లు ఉంచుకుంటామని ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. అప్పుడు కొత్త జతకు ఏడాదికి 12.5 పాళ్లే పడుతుంది, కిట్‌లకు ఆరుసార్లు కలిపి 7.5. ఆ ఐదు పాళ్ల తేడాకు పూర్తి వెలుతురు వస్తుందంటే నేను కొత్తదే కొనమనేవాణ్ని. ఎందుకంటే రుద్దితే వెలుతురు పూర్తిగా తిరిగి రాదు. ఆ ట్రిపుల్ ఏ పరీక్షలోనే రుద్దిన లెన్స్‌లు 70 శాతం దగ్గరికి వచ్చాయి. కంపెనీ అసలు విడిభాగం వేస్తే 100 శాతం, బయటి తయారీవి 83 నుంచి 90 శాతం. 20 నుంచి 70కి రావడం మీకు పెద్ద మార్పే, పైగా అతి తక్కువ ఖర్చుతో.

మీరు తరచూ రాత్రిపూట, వీధి దీపాల్లేని రోడ్ల మీద దూరాలు వెళ్లేవారైతే మాత్రం ఈ లెక్కను పక్కనపెట్టి అసలు విడిభాగాలే వేయించండి. అక్కడ ఆ మిగతా 30 శాతం అవసరం.

ఇక మీవారు అన్న మాట గురించి. ఆయన ఆందోళన అర్థమవుతోంది, పాత కారు మీద ఖర్చు ఒకటి మొదలైతే ఆగదేమో అని. అయితే కొత్త కారు విలువ మొదటి రెండు మూడేళ్లలోనే ఎక్కువగా తరుగుతుంది, ఆ తరిగే విలువకే మీరు వడ్డీ కడతారు. పైగా అత్యవసర నిధి సగంలో ఉన్నప్పుడు ఈఎంఐ నెత్తికెత్తుకుంటే ముందు ఆగిపోయేది ఆ పొదుపే. ఇద్దరూ కూర్చుని గత రెండేళ్ల రిపేరు బిల్లులు కూడండి. వరుసగా రెండేళ్లు ఆ ఖర్చు కొత్త కారు ఏడాది ఈఎంఐల దరిదాపుల్లోకి వస్తుంటే ఆయన మాట వినాలి. ఇంజన్ బాగుందని మీరే రాశారు కాబట్టి అలా ఉండకపోవచ్చు.

ఆ రెండేళ్ల బిల్లుల మొత్తాన్నే 24తో భాగించి, వచ్చినంత నెలనెలా కారు రిపేర్ల కోసం విడిగా వేయండి. ఈసారి కిట్ డబ్బును ఈ నెల ఇంటి ఖర్చుల్లోంచే సర్దండి, అత్యవసర నిధిని ముట్టుకోవద్దు. అది ఉద్యోగం పోతేనో, జబ్బు చేస్తేనో వాడాల్సిన డబ్బు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, వాడకం వల్ల వచ్చే అరుగుదలను మామూలుగా పాలసీలు లెక్కలోకి తీసుకోవు.

బల్బులు చాలా ఏళ్లుగా మార్చకపోతే ఇదే అదనుగా రెండూ కలిపి మార్చండి. హాలోజన్ బల్బు కాలంతోపాటు మందగిస్తుంది. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే వెలుతురు పెరుగుతుందని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి, ఆ వేడికి వైరింగ్, రిఫ్లెక్టర్ రెండూ దెబ్బతింటాయి. పని మొదలుపెట్టే ముందు రాత్రిపూట కారును ఒక గోడకు ఎదురుగా నిలిపి లైట్లు వేసి ఫొటో తీసుకోండి. పూత ఆరాక అదే చోట, అదే దూరంలో ఇంకోటి తీయండి. తేడా స్పష్టంగా లేకపోతే, లేదా ఒక లైటు కాంతి రెండోదానికన్నా పైకో పక్కకో పడుతుంటే, ఆ రెండు ఫొటోలూ తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లండి.