హీటర్ వెచ్చగా రావడం లేదా? ముందు థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి

బండి సందేహాలు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. 2007 మోడల్ డీజిల్ స్కార్పియో, నాన్నగారు కొన్నది, ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. డిసెంబరు మొదట్లో పిల్లల్ని, అమ్మను తీసుకుని లంబసింగి వెళ్లాం. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతున్నప్పుడు హీటర్ గోరువెచ్చగా వచ్చింది. పైన కాసేపు ఆగి బయల్దేరితే చల్లగాలే. దిగేటప్పుడు మరీ అన్యాయం. అమ్మ వెనక సీట్లో రెండు శాలువాలు కప్పుకుని వణుకుతూ కూర్చుంది. ఇక్కడ మెకానిక్‌ని అడిగితే "మన ఊళ్లో హీటర్ దేనికి సార్, ఏసీ బాగుంటే చాలదా" అంటున్నాడు. బాగు చేయాలంటే డాష్‌బోర్డు మొత్తం విప్పాలట, ఖర్చు ఎక్కువట. రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కుతోందని ఏదో పని చేయించాం, ఆ తర్వాత బాగానే ఉంది. రేడియేటర్లో ఇంటి బోరు నీళ్లే పోస్తున్నాం. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్లాలనుంది. డాష్‌బోర్డు విప్పకుండా తప్పు ఎక్కడుందో తెలుసుకునే దారి ఉందా?

జవాబు: ఎండాకాలంలో చేయించిన ఆ "ఏదో పని" ఏమిటో ముందు కనుక్కోండి. నా అనుమానం దాని మీదే. మన విజయవాడ, గుంటూరు వైపు బండి వేడెక్కుతోందని షెడ్డుకు వస్తే చాలామంది చేసే మొదటి పని థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పారేయడం. ఆటోనగర్‌లో నా షెడ్డుకు వచ్చే పాత డీజిల్ బండ్లలో ఎన్నిటికో హౌసింగ్ (ఆ వాల్వు కూర్చునే డబ్బా) విప్పి చూస్తే లోపల ఖాళీ. ఓనరుకు ఆ సంగతే తెలియదు. ఈ అలవాటు పోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

హీటర్‌కు వేరే పొయ్యంటూ ఏమీ లేదు. ఇంజిన్ చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్లే రెండు రబ్బరు పైపుల్లో డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌కు వచ్చిపోతుంటాయి. దాన్నే హీటర్ కోర్ అంటాం. బ్లోయర్ తోసే గాలి దాని మీదుగా వచ్చి వెచ్చబడుతుంది. కాబట్టి నీళ్లు వేడిగా ఉండాలి, కోర్‌లో అడ్డు లేకుండా పారాలి, గాలి కోర్ మీదుగానే రావాలి. వీటిలో ఏది తప్పిందో బోనెట్ ఎత్తి చూస్తే చాలావరకు తేలిపోతుంది. డాష్‌బోర్డు దాకా పోనక్కర్లేదు.

నీళ్లను వేడిగా ఉంచేది థర్మోస్టాట్. అందులో మైనం నింపిన చిన్న గొట్టం ఉంటుంది. నీళ్లు 82 డిగ్రీల దగ్గరికి రాగానే (కొన్ని ఇంజిన్లకు 88) మైనం కరిగి ఉబ్బి వాల్వును తెరుస్తుంది. అంతవరకు నీళ్లు రేడియేటర్ వైపు పోవు, ఇంజిన్లో, హీటర్లో మాత్రమే తిరుగుతాయి. వాల్వు పీకేస్తే స్టార్ట్ చేసిన క్షణం నుంచీ నీళ్లన్నిటికీ రేడియేటర్ దారి తెరిచే ఉంటుంది. మే నెలలో గుంటూరు రోడ్ల మీద ఆ తేడా మీకు తెలియదు. లంబసింగి సంగతి వేరు. అది దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, చలి ముదిరితే తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది. పైగా మీది డీజిల్ బండి. డీజిల్ ఇంజిన్ ఆగి ఉన్నచోట తిరుగుతుంటే పుట్టే వేడే తక్కువ. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలుండదు, డీజిల్ దాదాపు మండదు, రేడియేటర్‌కు మాత్రం చల్లగాలి తగులుతూనే ఉంటుంది. ఎక్కేటప్పుడు గోరువెచ్చన, దిగేటప్పుడు చల్లన అని మీరు రాశారు చూడండి, థర్మోస్టాట్ లేని బండి చేసే పని సరిగ్గా ఇదే.

రుజువు చేసుకోవడం తేలిక. పొద్దున్నే చల్లగా ఉన్న బండిని స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టండి. ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా నిలబడండి, చీర కొంగులు, కండువాలు దగ్గరికి రానివ్వకండి. థర్మోస్టాట్ బాగుంటే ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉండి, తర్వాత ఉన్నట్టుండి కాలిపోతుంది. వాల్వు లేకపోయినా, తెరుచుకుని బిగుసుకుపోయినా మొదటి నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతూ పోతుంది. మీటర్లో టెంపరేచర్ ముల్లు కూడా చూడండి. గుంటూరు నుంచి మంగళగిరి దాటినా ముల్లు మామూలు గీతకు కింద కొట్టుమిట్టాడుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

"వాల్వు మళ్లీ పెడితే ఎండాకాలంలో వేడెక్కదా?" అని మీ మెకానిక్ అడుగుతాడు. బాగున్న వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక రేడియేటర్‌కు పోయే నీళ్లను ఆపదు. అది పీకేశాక వేడి తగ్గిందంటే ఉన్న వాల్వు చెడిపోయి సరిగా తెరుచుకోవడం లేదని అర్థం, కొత్తది వేయాలి. లేదంటే అసలు జబ్బు వేరే ఉంది: రేడియేటర్ మూసుకుపోయి ఉండవచ్చు, ఫ్యాన్‌ను తిప్పే క్లచ్ పట్టు తప్పి ఉండవచ్చు, రేడియేటర్ మూత రబ్బరు పోయి ఉండవచ్చు. అవి చూడకుండా థర్మోస్టాట్‌ను తీసేస్తే జబ్బు దాక్కుంటుంది, అంతే. ఇంకో మాట. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు కింద రెండో బిళ్ల ఉంటుంది. పై వాల్వు తెరుచుకునేటప్పుడు ఆ బిళ్ల వెళ్లి బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి ఇంజిన్లో వాల్వు పీకేస్తే కొన్ని నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండా మళ్లీ ఇంజిన్లోకే తిరిగొస్తాయి, మంచి ఎండలో బండి ఇంకా త్వరగా వేడెక్కుతుంది. చలికాలంలో ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లూ త్వరగా అరుగుతాయి. ఒక ట్యాంకు డీజిల్ ఖర్చులో చిన్న వంతుకు వచ్చే సామాను కోసం ఇంత నష్టం భరించడం నాకు అస్సలు మింగుడుపడదు.

కొత్త వాల్వు కొన్నాక బిగించే ముందు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. వంటకు వాడని గిన్నెలో నీళ్లు పోసి, వాల్వును దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. మామూలుగా వాల్వు మీదే డిగ్రీలు కొట్టి ఉంటాయి. ఆ అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకోవాలి, స్టవ్ ఆపితే మూసుకోవాలి. బిగించేటప్పుడు స్ప్రింగు వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి. అంచున చిన్న కదిలే పిన్ను ఉంటే అది పైకి రావాలి, అక్కడి నుంచే లోపలి గాలి బయటపడుతుంది.

ఇప్పుడు బోరు నీళ్ల సంగతి. ఇది కూడా మిమ్మల్ని వదలదు. మన వైపు చాలా బోర్ల నీళ్లలో సున్నం ఎక్కువ. ఇంట్లో గీజర్ రాడ్డుకు పట్టే తెల్లటి పొరే ఇంజిన్లోనూ పడుతుంది, దానికి ఇనుము తుప్పు తోడవుతుంది. హీటర్ కోర్ గొట్టాలు రేడియేటర్ గొట్టాల కంటే సన్నం కాబట్టి ముందు అవే పూడుకుపోతాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, క్యాబిన్ గోడలోకి పోయే రెండు పైపుల్ని జాగ్రత్తగా తాకి చూడండి. రెండూ బాగా కాలుతుంటే నీళ్లు పారుతున్నాయి, తప్పు లోపల గాలి వైపు ఉంది. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుంది, లేదా పైపు దారిలో హీటర్ వాల్వు ఉంటే అది తెరుచుకోవడం లేదు. అసలు ఆ రెండు పైపులూ క్యాబిన్‌లోకి పోకుండా ఒకదానికొకటి కలిపేసి ఉన్నాయేమో కూడా చూడండి. కోర్ కారుతున్నప్పుడు ఓనరుకు చెప్పకుండా అలా కలిపేసి పంపేవాళ్లున్నారు.

పూడుకున్న కోర్‌ను రెండు పైపులూ విప్పి, నీళ్లు బయటికి వచ్చే వైపు నుంచి తోట పైపుతో మెల్లగా నీళ్లు వదిలి కడిగించండి. ఎర్రటి మట్టి నీళ్లు పోయి తేటగా వచ్చేదాకా కడగాలి. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టనివ్వకండి, పాత కోర్ పగిలితే నిజంగానే డాష్‌బోర్డు విప్పాలి. యాసిడ్ కూడా వద్దు. కడిగాక ఇంజిన్ మొత్తం నీళ్లు దించి, మంచి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి. మన ఊళ్లో మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకని అడిగేవాళ్లకు చెబుతున్నాను: తుప్పు పట్టకుండా ఆపేది అదే. మామూలు నీళ్లకంటే ఎక్కువ వేడి దాకా మరగదు కూడా, రెంటచింతల ఎండల్లో తిరిగే బండికి అది పెద్ద అండ. అయితే కూలెంట్ విషం, తియ్యగా ఉంటుంది. దించిన నీళ్లను వాకిట్లో పోయకండి, పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి.

కూలెంట్ నింపాక ఎయిర్ పట్టకుండా చూసుకోవాలి. డాష్‌బోర్డు వెనక గలగలమని నీళ్ల చప్పుడు వచ్చినా, రేస్ చేసినప్పుడే వేడి వచ్చి వదిలేస్తే చల్లబడినా ఎయిర్ పట్టిందని, లేదా నీళ్లు తక్కువున్నాయని అనుకోండి. ముక్కు కొంచెం ఎత్తుగా నిలబెట్టి, మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి ఇంజిన్ నడిపితే బుడగలు పోతాయి. మూత మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే తీయండి. వేడి మీద తీసి మొహం, చేతులు కాల్చుకున్నవాళ్లను చూశాను. నీళ్లు మళ్లీ మళ్లీ తగ్గుతుంటే పోయడం ఆపి, ఎక్కడ పోతున్నాయో వెతికించండి. ముందు సీటు కింద మ్యాట్ తడిగా ఉండి, తియ్యటి వాసన వచ్చి, అద్దం లోపల జిడ్డు పొర పడుతుంటే కోరే కారుతోంది. అప్పుడు డాష్‌బోర్డు విప్పక తప్పదు.

గాలి వైపు తప్పులు చిన్నవే. వేడి, చలి మార్చే తలుపు కేబుల్ ఊడినా, దాన్ని తిప్పే చిన్న మోటారు పోయినా నాబ్ తిరుగుతుంది కానీ లోపల ఏమీ మారదు. గాలే తక్కువ వస్తుంటే బ్లోయర్‌ను, క్యాబిన్ ఫిల్టర్ ఉంటే దాన్నీ చూడండి.

మీరు చేయించాల్సిన వరుస నా లెక్కలో ఇది: థర్మోస్టాట్ చూడడం, కోర్ కడిగించడం, కూలెంట్ మార్చడం. సంక్రాంతికి రెండు వారాల ముందే చేయించి, ఆ తర్వాత విజయవాడ దాకా ఒకసారి వెళ్లొచ్చి నీళ్ల మట్టం చూసుకోండి. అన్నీ సరిగ్గా ఉన్నా పొడవాటి ఘాట్ దిగేటప్పుడు డీజిల్ బండిలో వేడి కొంత తగ్గుతుంది, దానికి కంగారు పడకండి. పైన రాత్రి బండిలోనే పడుకోవాలనుకుంటే ఇంజిన్ వేసి అద్దాలు మూసి నిద్రపోకండి. బొగ్గుల కుంపటి లోపల అసలే పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అమ్మగారికి, పిల్లలకు గది తీసుకోండి.

ప్రశ్న: హీటర్ వేస్తే ఏసీలాగే మైలేజీ పడిపోతుందా? – తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: పడిపోదు. ఎలాగూ రేడియేటర్‌లోంచి గాలిలో కలిసిపోయే వేడినే మీరు వాడుకుంటున్నారు. బ్లోయర్‌కు కాసింత కరెంటు ఖర్చవుతుంది, అంతే. ఏసీ బటన్ కూడా నొక్కితే కంప్రెసర్ తిరుగుతుంది కాబట్టి అప్పుడు ఖర్చు ఉంటుంది.

ప్రశ్న: జనవరిలో తెల్లవారుజామున భవానీపురం నుంచి కాలేజీకి కారులో బయల్దేరుతాను. ముందు అద్దం మీద ఆవిరి పట్టి దారి కనపడదు. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతోంది. ఒక్కోసారి చాలా టెన్షన్‌గా ఉంటోంది. ఏసీ వేయాలా, హీటర్ వేయాలా? – విజయవాడ నుంచి ఒక లెక్చరర్

జవాబు: రెండూ కలిపి వేయండమ్మా. ఏసీ గాలిలో తడిని లాగేస్తుంది, హీటర్ ఆ పొడిగాలిని వెచ్చబెట్టి అద్దానికి కొడుతుంది. గాలి దారిని ముందు అద్దం గుర్తు మీద పెట్టండి, నాబ్ వేడి వైపు తిప్పండి, ఏసీ బటన్ నొక్కండి. లోపలి గాలినే తిప్పే బటన్ ఆపేసి బయటి గాలి రానివ్వాలి. ఇది ముఖ్యం, చాలామంది ఇక్కడే పొరబడతారు. మన ఊపిరిలో తడి లోపలే ఉండిపోతే అద్దం ఎంతకీ తేటపడదు. అద్దం లోపలి వైపు జిడ్డుంటే ఆవిరి ఇంకా ఎక్కువ పడుతుంది, వారానికోసారి శుభ్రమైన పొడిగుడ్డతో తుడవండి. పాత కారులో మ్యాట్ల కింద తడి ఉందేమో కూడా చూడండి, వానాకాలం నీళ్లు అక్కడ ఆరకుండా ఉండిపోతాయి.

వానాకాలంలో ఏసీ వేసుకుని వెళ్తుంటే అద్దం బయటి వైపు ఆవిరి పడుతుంది, దానికి మందు వేరే. వైపర్ ఒకసారి తిప్పి, ఏసీ చలి తగ్గించి, చల్లగాలి అద్దానికి తగలకుండా మొహం వైపు పెట్టుకోండి. ఏ వైపు ఆవిరి పట్టిందో తెలియకపోతే వేలితో లోపలి నుంచి ఒక గీత గీయండి. గీత పడితే ఆవిరి లోపల ఉన్నట్టు.