కలకత్తాలో గది: అద్దె చూసి కాదు, రోజు ఖర్చు చూసి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. చిన్న ఫ్యాన్సీ దుకాణం ఉంది. నేను, మావారు, మా అత్తగారు (66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు), పిల్లలిద్దరు (13, 8 ఏళ్లు) సంక్రాంతి సెలవుల్లో నాలుగు రాత్రులు కలకత్తాలో ఉండేలా వెళ్దామనుకుంటున్నాం. విశాఖ దాటి ఇంత పెద్ద ఊరు ఎప్పుడూ చూడలేదు. చేతిలో 45 వేలు ఉన్నాయి. రానుపోను థర్డ్ ఏసీ టికెట్లకే 12 వేలు అవుతుంది. హౌరా స్టేషన్ ఎదురుగా గది 1,200, న్యూ టౌన్‌లో కొత్త హోటల్లో గది 1,500, సదర్ స్ట్రీట్ దగ్గర ఐదుగురు పట్టే ఫ్యామిలీ రూమ్ 3,200 చూపిస్తున్నాయి. మావారు హౌరా అంటున్నారు. నాకు న్యూ టౌన్ ఫొటోలు నచ్చాయి. డబ్బు చాలకపోతే క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టాలా, మూడేళ్లు దాటిన పోస్టాఫీసు ఆర్డీ తీసెయ్యాలా?

జవాబు: గది కంటే ముందు తేదీ మార్చండి. సంక్రాంతికే గంగాసాగర్ మేళా. దేశం నలుమూలల నుంచి వచ్చే యాత్రికులు హౌరాలో దిగి, కలకత్తా బాబూఘాట్ మీదుగా సాగర్ ద్వీపానికి వెళ్తారు. రథసప్తమికి అరసవల్లి చుట్టూ గదుల అద్దె ఎలా ఎగురుతుందో మీకు తెలిసిందే, ఆ వారం హౌరాలో జరిగేదీ అదే. ఇప్పుడు కనిపిస్తున్న 1,200 అప్పటికి అలాగే ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి. పైగా పండగ ముందు వారం మీ ఫ్యాన్సీ దుకాణానికి ఏడాదిలో మంచి బేరాలు నడిచే వారం. ఆ నాలుగైదు రోజులు షట్టర్ దించితే పోయే లాభం మీ లెక్కలో ఎక్కడా లేదు. అది కూడా ప్రయాణం ఖర్చే.

కాబట్టి డిసెంబరు మొదటి పక్షం చూడండి, లేదా పండగ అయ్యాక జనవరి 20 తర్వాత. పిల్లలకు రెండు మూడు రోజులు బడి పోతే పోయింది. డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా మాత్రం వద్దు. క్రిస్మస్‌కి పార్క్ స్ట్రీట్ అంతా జనమే, ఆ చుట్టుపక్కల గదులు దొరకవు, దొరికినా ధర మండుతుంది. చలికాలంలో వెళ్లడంలో ఇంకో లాభం ఉంది. కలకత్తాలో డిసెంబరు, జనవరి నెలల్లో ఏసీ అక్కర్లేదు. చాలా హోటళ్లలో అదే గదికి ఏసీ, నాన్ ఏసీ అని రెండు ధరలుంటాయి, ఫోన్ చేసి అడిగితేనే చెప్తారు. ఏసీ మానేసి, ఆ డబ్బుకి గీజర్ ఉన్న గది అడగండి.

ఇక మీ మూడు గదుల సంగతి. మీరు పోల్చిన 1,200, 1,500, 3,200 ఒకే రకం అంకెలు కావు. మొదటి రెండూ ఇద్దరు పెద్దలకు చెప్పిన ధరలు. మీరు ముగ్గురు పెద్దలు. పదమూడేళ్ల పిల్లని చాలా హోటళ్లు పెద్దవాళ్ల లెక్కలోనే వేస్తాయి. అంటే హౌరాలోనూ న్యూ టౌన్‌లోనూ మీకు రెండేసి గదులు కావాలి. యాప్‌లో 'ఇద్దరు' అని పెట్టి బుక్ చేసి ఐదుగురు దిగితే, రిసెప్షన్‌లో అప్పటికప్పుడు ఎక్స్‌ట్రా బెడ్ ధర వాళ్లు చెప్పిందే ధర. సామాన్లతో నిలబడి బేరమాడలేరు.

రెండు గదుల చొప్పున వేస్తే హౌరా 2,400, న్యూ టౌన్ 3,000, సదర్ స్ట్రీట్ 3,200. రోజుకి 7,500 లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, అంతకు ముందు 12 ఉండేది. యాప్‌లు పన్నుని చివరి పేజీలో కలుపుతాయి, అక్కడి దాకా వెళ్లి చూడండి. పన్నుతో కలిపి హౌరా 2,520, న్యూ టౌన్ 3,150, సదర్ స్ట్రీట్ 3,360.

దీనికి రాకపోకలు కలపండి. న్యూ టౌన్ వెడల్పాటి రోడ్లతో చూడ్డానికి బాగుంటుంది, విమానంలో దిగేవాళ్లకి, ఐటీ ఆఫీసుల్లో పనున్నవాళ్లకి సరిపోతుంది. మీరు చూడబోయే విక్టోరియా మెమోరియల్, మ్యూజియం, కాళీఘాట్ వైపు రోజూ పదిహేను కిలోమీటర్లు అటూ ఇటూ రావాలి. మామూలు క్యాబ్‌లో నలుగురే ఎక్కాలి. ఐదుగురికి పెద్ద బండి, లేదా రెండు బండ్లు. రోజుకి వెయ్యి రూపాయలు దానికే తీసి పక్కన పెట్టుకోవాలి. నా అంకె నమ్మనక్కర్లేదు. ఇంట్లో కూర్చునే క్యాబ్ యాప్‌లో హోటల్ నుంచి విక్టోరియా మెమోరియల్‌కి ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, అక్కడి నుంచి వెనక్కి రాత్రి ఏడింటికి ఒకసారి ధర చూడండి. మధ్యాహ్నం మూడింటికి చూస్తే తక్కువ కనిపించి మోసపోతారు.

హౌరా సంగతి మారింది. గంగ కింద నుంచి వెళ్లే మెట్రో 2024 మార్చిలో మొదలైంది, 2025 ఆగస్టు నుంచి హౌరా మైదాన్ నుంచి సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్ దాకా మొత్తం నడుస్తోంది. హౌరా నుంచి ఊరి నడిమధ్యనున్న ఎస్ప్లనేడ్‌కి పది నిమిషాల లోపే, టికెట్టూ చవక. కాబట్టి హౌరా, సదర్ స్ట్రీట్ రెండింటికీ రోజుకి 300 వేద్దాం. రోజు మొత్తం: హౌరా 2,820, సదర్ స్ట్రీట్ 3,660, న్యూ టౌన్ 4,150. మీకు నచ్చిన ఫొటోల హోటలే అన్నిటికంటే ఖరీదు. మీవారు చెప్పింది అన్నిటికంటే చవక, నాలుగు రాత్రులకి సదర్ స్ట్రీట్ మీద 3,360 మిగులుతుంది. ఆ లెక్క ఆయన పక్షానే ఉంది.

అయినా హౌరా తీసుకోమని చెప్పను, కారణం మీ అత్తగారి మోకాళ్లు. ఆవిడ రోజంతా తిరగలేరు. పదకొండు, పన్నెండింటికి గదికి వచ్చి కాసేపు నడుం వాల్చి, మళ్లీ నాలుగింటికి బయల్దేరాలి. గది హౌరాలో ఉంటే స్టేషన్ ముందు రద్దీలో, చాలా లోతున్న మెట్రో ప్లాట్‌ఫారానికి రోజుకి నాలుగు సార్లు దిగి ఎక్కాలి. రెండో రోజుకే ఆవిడ 'మీరు వెళ్లి రండి, నేను గదిలోనే ఉంటా' అంటారు. ఆమె చూడాలనే కదా ఇంత ఖర్చు. హౌరా ఒంటరిగా వెళ్లే మగవాళ్లకి, ఒక్క రాత్రి ఆగి పొద్దున్నే బండి ఎక్కేవాళ్లకి మంచి చోటు.

సదర్ స్ట్రీట్ మ్యూజియం పక్కనే, న్యూ మార్కెట్ నడక దూరం. కానీ అది సంచులేసుకు తిరిగే విదేశీ కుర్రాళ్ల వీధి. పాత భవనాలు, నిటారు మెట్లు, లిఫ్ట్ ఉన్నవి తక్కువ, రాత్రి సందడి. మీ జాబితాలో లేని నాలుగో పేరు చెప్తాను: కాళీఘాట్ మెట్రో చుట్టుపక్కల, అంటే రాస్‌బిహారీ అవెన్యూ, లేక్ మార్కెట్ వైపు. జనం కాపురాలుండే వీధులు. లేక్ మార్కెట్ దగ్గర దక్షిణాది వాళ్లు తరాలుగా ఉన్నారు, ఇడ్లీ, సాంబారన్నం దొరుకుతాయి. పెద్దావిడకి ఆవనూనె వంట పడకపోతే ఇది చిన్న విషయం కాదు. కాళీఘాట్ గుడి దగ్గరే, తెల్లవారుజామున వెళ్లి రావచ్చు. గుడి బయట 'తొందరగా దర్శనం చేయిస్తాం' అంటూ వెంటపడేవాళ్లతో మాట కలపకండి. మెట్రో నీలం లైన్ ఎక్కితే రవీంద్ర సదన్, పార్క్ స్ట్రీట్, ఎస్ప్లనేడ్, దక్షిణేశ్వర్ అన్నీ బండి మారకుండానే. అక్కడ 3,200 మించకుండా ఐదుగురికి గది వెతకండి, స్టేషన్ నుంచి ఏడెనిమిది వందల మీటర్ల లోపు.

యాప్‌లో చూశాక హోటల్‌కి ఫోన్ చేసి వాట్సాప్‌లో రాయించుకోండి: ముగ్గురు పెద్దలు, 13, 8 ఏళ్ల పిల్లలు, మొత్తం ఎంత, పన్ను కలిపా కాదా, పరుపు వేస్తారా. లిఫ్ట్ 'ఉంది' అంటే ఆగకండి, లిఫ్ట్ మొదలయ్యే దాకా ఎన్ని మెట్లో అడగండి. కలకత్తా పాత భవనాల్లో వీధి నుంచి ఏడెనిమిది మెట్లెక్కితే గానీ లిఫ్ట్ రాదు. కమోడ్ ఉండాలి, కిటికీ బయటికి తెరుచుకోవాలి. చెక్ ఇన్ మధ్యాహ్నం పన్నెండా, ఇరవై నాలుగు గంటల పద్ధతా అన్నది డబ్బు విషయమే. పొద్దున్నే దిగి ఆరు గంటలు లాబీలో కూర్చోవాల్సి వస్తే అర రోజు అద్దె అడుగుతారు. అందరి అసలు ఆధార్ కార్డులూ తీసుకెళ్లండి, జిరాక్సు చాలదు.

టికెట్లు ముందు, గది తర్వాత. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. టికెట్ కన్ఫర్మ్ అయ్యాకే గది తీసుకోండి. వెయిటింగ్‌లో ఉండిపోతే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయి డబ్బు వస్తుంది, గది డబ్బు రాదు. అందుకే వంద, నూట యాభై ఎక్కువైనా ఉచిత రద్దు ఉన్న ధరే తీసుకోండి. బండి ఎక్కడికి వెళ్తుందో కూడా చూడండి. ఆమదాలవలసలో ఎక్కే బండ్లన్నీ హౌరాకే వెళ్లవు, కొన్ని షాలిమార్, సంత్రాగాచి స్టేషన్లలో ఆగిపోతాయి. అక్కడ మెట్రో లేదు, ఐదుగురికి సామాన్లతో టాక్సీ ఖర్చు. హౌరాలో దిగితే బయట అడిగేవాళ్లని దాటి ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్‌కి వెళ్లండి. బండి అర్ధరాత్రి చేర్చేదైతే ఆ ఒక్క రాత్రికి మీ పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో స్టేషన్ రిటైరింగ్ రూమ్ చూసుకోండి. మీవారి హౌరా ముచ్చట కూడా తీరుతుంది.

సోమవారం విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలు, ఇండియన్ మ్యూజియం మూసేస్తారు. అలీపూర్ జూకి గురువారం సెలవు. గది, తిండి కలిపి ఒక రోజు మీకు దాదాపు ఐదు వేలు, మూసిన గేటు చూడటానికి అది ఎక్కువ. సోమవారం దక్షిణేశ్వర్, బేలూర్ మఠం పెట్టుకోండి. రెండూ మధ్యాహ్నం కొన్ని గంటలు మూస్తారు కాబట్టి పొద్దున్నే దక్షిణేశ్వర్, సాయంత్రం బేలూర్.

ఇప్పుడు మీ 45 వేలు. రైలు 12,000. గది నాలుగు రాత్రులకి పన్నుతో 13,440. ఊళ్లో రాకపోకలు, స్టేషన్ టాక్సీలతో కలిపి 2,500. ఐదు రోజుల తిండి రోజుకి 1,500 చొప్పున 7,500. ప్రవేశ టికెట్లకి 1,500, ఆమదాలవలస ఆటో, రైల్లో తిండికి మరో 1,500. మొత్తం 38,440. నాలుగు వేలు ముట్టుకోకుండా విడిగా ఉంచండి, అత్తగారికి డాక్టరో, తప్పిన బండో. మిగిలిన రెండున్నర వేలు న్యూ మార్కెట్‌కి. ఫ్యాన్సీ దుకాణం వాళ్లు కాబట్టి గాజులు, క్లిప్పులు హోల్‌సేల్‌లో చూస్తే చెయ్యి ఆగదు. దుకాణం సరుకు కొనాలంటే ఆ డబ్బు దుకాణం ఖాతాలోంచే తీయండి, ప్రయాణం డబ్బులో కలపకండి.

హోటల్ రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ ఛార్జీ వేస్తే తీసెయ్యమనండి. అది తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. ఫిర్యాదుకి 1915 నంబరుకి ఫోన్ చేయండి.

చేతిలోని 45 వేలతోనే సరిపోతుంది కాబట్టి ఈఎంఐ గానీ, ఆర్డీ గానీ అవసరమే లేదు. 'నో కాస్ట్' అని రాసిన ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి. ఆర్డీని మధ్యలో మూసేస్తే ఖాతా తెరిచిన నాటి వడ్డీ రాదు, మామూలు సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతం లెక్క కడతారు, మూడేళ్ల కష్టం మీద కోత. ఎప్పుడైనా నిజంగా తప్పకపోతే, పన్నెండు వాయిదాలు కట్టిన ఆర్డీ మీద నిల్వలో సగం దాకా పోస్టాఫీసే అప్పిస్తుంది, ఆర్డీ వడ్డీ కంటే రెండు శాతం ఎక్కువకి. కార్డు కంటే అది నయం. విహారానికి మాత్రం అదీ వద్దు, తక్కువ పడితే ఒక రాత్రి తగ్గించండి, ఐదు వేలు అక్కడే దొరుకుతాయి.

అడ్వాన్సు కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. మ్యాప్‌లో హోటల్ పేరు కింద దొంగ నంబర్లు పెట్టి, గది ఖాయం చేస్తాం, మొత్తం ఇప్పుడే యూపీఐ చేయండి అనే ముఠాలున్నాయి. యూపీఐలో హోటల్ పేరు కాక ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే ఆపెయ్యండి. హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి అదే గది ధర మళ్లీ అడగండి. వీలైనంత వరకు దిగాక కట్టే పద్ధతే ఎంచుకోండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే అదే గంటలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే ఆ ఖాతాలో ఆపడానికి ఏమీ మిగలదు.