పాప క్వేజార్లంటోంది, నాన్న సీఎస్‌ఈ అంటున్నారు

కావలి నుంచి ఒక తండ్రి రాశారు. పాప ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు, క్వేజార్ల స్పెక్ట్రమ్‌ల మీద పరిశోధన చేస్తానంటోందట. సీఎస్‌ఈ ఏఐతో పోల్చి చూపించి మనసు మార్చండి అంటున్నారు.

సార్, మీ టెన్షన్ కోర్సు గురించి కాదు. ఇరవై ఏడేళ్లొచ్చినా పిల్ల చదువుతూనే ఉంటే నలుగురూ ఏమంటారు, సంబంధాలెలా వస్తాయి అన్నది మీ బాధ. కొడుకు గురించైతే ఇలా రాసేవారా?

అసలు ఆ పనేంటో పాపని కూర్చోబెట్టి అడిగారా? గెలాక్సీ మధ్యలోని భారీ బ్లాక్ హోల్‌లోకి వాయువు పడుతూ వెలిగితే అది క్వేజార్. ఆ కాంతిని విడదీసి గ్రాఫ్ గీస్తే హైడ్రోజన్, కార్బన్, మెగ్నీషియం గీతలు గుట్టల్లా లేస్తాయి. గుట్ట ఎంత వెడల్పుంటే వాయువు వేగం అంత ఎక్కువ, సెకనుకు వేల కిలోమీటర్లు, ఆ వేగాన్నీ క్వేజార్ వెలుగునీ బట్టి బ్లాక్ హోల్ ద్రవ్యరాశి కడతారు. చిక్కేంటంటే కార్బన్ గీత పుట్టేది 155 నానోమీటర్ల దగ్గర, అతినీలలోహితంలో, దాన్ని మన వాతావరణం కిందికి రానివ్వదు. దగ్గరి క్వేజార్లకి అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోపు కావాలి, చాలా దూరంలో, రెడ్‌షిఫ్ట్ (విశ్వం వ్యాకోచిస్తుంటే కాంతి తరంగం సాగడం) 2 ఉన్నవాటికైతే అదే గీత మూడింతలు సాగి 465 దగ్గరికి, నీలి కాంతిలోకి వచ్చేస్తుంది కాబట్టి నేల మీది టెలిస్కోపు చాలు. పైగా కార్బన్ గీతనిచ్చే వాయువు కొంత బయటికి ఎగజిమ్ముతుంటుంది, అందుకే ఆ లెక్కని హైడ్రోజన్ గీతతో సరిచూసుకోవాలి. ఇదంతా పైథాన్, స్టాటిస్టిక్స్‌తో చేసే పనే, మీరు ఏఐ సీటులో వెతుకుతున్నదీ అదే.

సీఎస్‌ఈ చెడ్డదనడం లేదు. పాఠం చెప్పే మాస్టార్లున్నారో లేదో చూడకుండా, బోర్డు మీద ఏఐ అని ఉందని పొలం తాకట్టు పెట్టి మేనేజ్‌మెంట్ సీటు కొనడం మీదే నాకు నమ్మకం లేదు. నాలుగేళ్ల తర్వాత ఏ ఉద్యోగాలుంటాయో ఆ కాలేజీ వాళ్లకీ తెలీదు. మీ పిల్ల రాత్రిళ్లు తనంతట తాను చదువుతోందని మీరే రాశారు, దాన్ని ఫిర్యాదులా రాయడానికి మనసెలా వచ్చింది?

పర్మినెంట్ పోస్టులు తక్కువే, పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు పరాయి దేశంలో ఉండాల్సి రావచ్చు. కానీ పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000, అప్పటికి మీ మీద భారం ఉండదు. మధ్యలో మానుకున్నా చేతిలో డేటా పని ఉంటుంది, రోడ్డున పడదు.

ఆకాశాన్ని టెలిస్కోపుతో జల్లెడ పట్టిన స్లోన్ సర్వే స్పెక్ట్రమ్‌లు నెట్‌లో ఉచితం, ఈ ఆదివారం ఒకటి తెరిచి చూపించమనండి. మీకు దగ్గర్లోనే సైన్సు చదువుకీ పరిశోధనకీ ఉన్న కేంద్ర సంస్థ, తిరుపతి ఐసర్ ఉంది. దాని ఐఏటీ పరీక్షకి దరఖాస్తు వేరు, ఎంసెట్‌తో (ఇప్పటి పేరు ఈఏపీసెట్) కలిసి రాదు, గడువు దాటకముందే పెట్టించండి. ఎంసెట్ కూడా రాయనివ్వండి.