ఒకే పని, మూడు రకాల కూలి: సైటులో పరాయివాళ్ళకి చట్టం ఏమిస్తుంది?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర పల్లె. 2024 సంక్రాంతి వెళ్ళాక మేస్త్రీ మనిషి మా ఊరొచ్చి మమ్మల్ని హైదరాబాద్ తీసుకొచ్చాడు. అప్పటి నుంచి శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ల సైటులో రాడ్ బెండింగ్ చేస్తున్నాం. మేస్త్రీ కింద మొత్తం ముప్పై మందిమి. పదిమంది ఆయన ఊరివాళ్ళు, ఎనిమిది మంది మా వైపువాళ్ళం, పన్నెండు మంది ఒడిశా కుర్రాళ్ళు. అందరిదీ ఒకే పని. కూలి మాత్రం రోజుకి ఆయన ఊరివాళ్ళకి 850, మాకు 650, ఒడిశా వాళ్ళకి 550. ఆయన ఊరివాళ్ళకి ప్రతి శనివారం బట్వాడా అయిపోతుంది. మాకు ఖర్చులకని కొంత ఇచ్చి, మిగతాది పండక్కి ఊరెళ్ళేటప్పుడు చూద్దాం అంటాడు. వచ్చేటప్పుడు ఇచ్చిన రైలు ఖర్చులు కూడా కూలిలో కోసుకున్నాడు. హెల్మెట్లు, బెల్టులు వచ్చినా ముందు వాళ్ళకే. పోయిన నెల పాతికేళ్ళ ఒడిశా కుర్రాడికి రాడ్ కటింగ్ మిషన్‌లో చూపుడు వేలు మొత్తం పోయింది. పదివేలు చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఊరు పంపించేయాలని చూస్తున్నారు. బిల్డర్ ఆఫీసులో అడిగితే మేస్త్రీతో తేల్చుకోమన్నారు. సైటు బయట టిఫిన్ సెంటర్లో కూడా ఒడిశా వాళ్ళని బల్ల దగ్గర కూర్చోనివ్వరు, పార్సిల్ తీసుకుని పొమ్మంటారు. ఏడేళ్ళ మా పాపని టీసీ లేదని ఇక్కడి బడిలో చేర్చుకోలేదు. రేషన్ ఊళ్ళోనే ఉండిపోయింది. మేం తెలుగువాళ్ళం కాబట్టి వలస కార్మికుల చట్టం మాకు వర్తించదని మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా? కనీసం మా ఎనిమిది మందికైనా న్యాయం జరిగే దారి చెప్పండి. - ఒక పాఠకుడు

జవాబు: మేస్త్రీ మాట నమ్మకండి. చట్టం భాషని చూడదు, రాష్ట్రాన్ని చూస్తుంది. 2014 జూన్ 2 నుంచి శ్రీకాకుళం ఒక రాష్ట్రంలో, హైదరాబాద్ ఇంకో రాష్ట్రంలో ఉన్నాయి. కాబట్టి ఒడిశా కుర్రాళ్ళలాగే మీరూ అంతర్రాష్ట్ర వలస కార్మికులే. ఈ సంగతి తెలియక వదులుకుంటున్న హక్కులు చాలా ఉన్నాయి. ఇప్పుడున్న చట్టం ప్రకారం నెలకి 18,000 దాటని వేతనం ఉన్నవాళ్ళు ఈ నిర్వచనంలోకి వస్తారు. మీ 650ని 26 రోజులకి లెక్కేస్తే 16,900 అవుతుంది. సైటులో పదిమందికి తగ్గకుండా వలస కార్మికులు ఉండాలన్న షరతుంది. మీరూ ఒడిశా వాళ్ళూ కలిపి ఇరవై మంది ఉన్నారు. అదీ సరిపోయింది.

ఇక అసలు బాధ, కూలిలో తేడా. ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలో 13వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉండేది. అదే సంస్థలో అదే పని, లేదా అలాంటి పని చేసే మిగతా వాళ్ళకి ఎంత ఇస్తారో వలస కార్మికుడికీ అంత ఇవ్వాలంది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చాక ఆ చట్టం పోయింది. దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆ వాక్యం అంత స్పష్టంగా లేదు. ఇది కార్మికులకి జరిగిన పెద్ద నష్టమని నా అభిప్రాయం. అలాగని దారి మూసుకుపోలేదు. కొత్త కోడ్ 60వ సెక్షన్ ప్రకారం, ఆ సంస్థలో మిగతా కార్మికులకి అందే ప్రయోజనాలన్నీ వలస కార్మికుడికీ అందించాల్సిన బాధ్యత కాంట్రాక్టర్ మీదా యజమాని మీదా ఉంది. దీని మీద వాదించవచ్చు. పైగా మీరు 2024 నుంచి పనిచేస్తున్నారు. పాత చట్టం ఉన్న రోజుల్లో మీకు వచ్చిన హక్కు, చట్టం రద్దయినంత మాత్రాన పోదు. అప్పటి తేడా సొమ్ముతో పాటు, మిమ్మల్ని ఊరి నుంచి తెచ్చినప్పుడు కాంట్రాక్టర్ ఇవ్వాల్సిన నెల వేతనంలో సగం, అంటే తిరిగి ఇవ్వక్కర్లేని డిస్‌ప్లేస్‌మెంట్ అలవెన్సు కూడా అడగండి. ఆ డబ్బు ఇచ్చిన మేస్త్రీ నా అనుభవంలో ఒక్కడూ తగల్లేదు. కానీ అడిగినట్టు రికార్డులో ఉంటే బేరం మారుతుంది.

ఇంతకన్నా గట్టి ఆధారం కనీస వేతనం. భవన నిర్మాణంలో నైపుణ్యాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి రాష్ట్ర ప్రభుత్వం రేట్లు ప్రకటిస్తుంది. రాడ్ బెండర్ పని చేయించుకుంటూ మస్టరులో (హాజరు పుస్తకంలో) హెల్పర్ అని రాయడం మన సైటుల్లో మామూలైపోయింది. మీ పేరు ఎదురుగా ఏం రాశారో ముందు చూడండి. మీ పనికి ప్రకటించిన రేటు లేబర్ ఆఫీసులో చెబుతారు. 550 దానికి తక్కువైతే తగాదా అక్కడే సగం తేలిపోతుంది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, కనీస వేతనానికి తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ఇప్పటికీ నిలిచే ఉంది. ఎనిమిది గంటలు దాటి స్లాబ్ రోజుల్లో రాత్రి దాకా ఉంచితే ఆ గంటలకి రెట్టింపు ఇవ్వాలి. ఇదీ లెక్కలో వేసుకోండి.

'పండక్కి చూద్దాం' అనే మాటకి చట్టంలో చోటు లేదు. ఆ నాలుగు కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ ప్రకారం రోజు కూలి ఆ రోజు షిఫ్టు ముగిసేసరికి, వారం కూలి ఆ వారం చివరి పనిరోజున, నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. పని మానేస్తే రెండు పనిరోజుల్లో మొత్తం ఇచ్చెయ్యాలి. రైలు ఖర్చులకని ఇచ్చిన అడ్వాన్సుని కూలిలో కోయకూడదని కోడ్‌లోనే ఉంది. మీ దగ్గర కోసుకున్నది వెనక్కి రావాల్సిన డబ్బే. కూలి ఆపి మనిషిని కట్టిపడెయ్యడం, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవడం, బాకీ తీరేదాకా కదలనివ్వకపోవడం దాకా వెళితే అది కూలి తగాదాగా మిగలదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం అవుతుంది. అప్పుడు నేరుగా కలెక్టర్‌కో ఆర్డీవోకో రాతపూర్వకంగా ఇవ్వాలి.

బిల్డర్ చేతులు దులుపుకోవడం కూడా కుదరదు. కాంట్రాక్టర్ ఇవ్వని కూలిని అసలు యజమాని చెల్లించి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. అందుకే కూలి కోసం వేసే దరఖాస్తులో మేస్త్రీ పేరొక్కటే రాయకండి. గేటు దగ్గర బోర్డు మీద ఉన్న కంపెనీ పేరు, పర్మిషన్ నంబరు ఫోటో తీసుకుని వాళ్ళనీ ప్రతివాదిగా చేర్చండి. మేస్త్రీ రేపు ఫోన్ ఆపేసి ఇంకో సైటుకి పోతాడు. బిల్డింగు ఎక్కడికీ పోదు.

'మా దగ్గర కాగితాలేం లేవు' అని మీలాంటి వాళ్ళు చాలామంది వెనక్కి తగ్గుతారు. వేతనాల కోడ్ 59వ సెక్షన్ ప్రకారం, కూలి ఇవ్వలేదనో తక్కువిచ్చారనో మీరు క్లెయిమ్ వేస్తే, ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. మీరు అక్కడ పనిచేశారని మాత్రం చూపించగలగాలి. ఒక చిన్న నోట్‌బుక్‌లో రోజూ తారీఖు, ఎన్ని గంటలు, ఏ బ్లాకు, ఎంత ముట్టిందో రాసుకోండి. మేస్త్రీ పంపిన ఫోన్‌పే, గూగుల్‌పే మెసేజ్‌లు చెరపకండి. గేటు రిజిస్టరులో మీ సంతకం ఉన్న పేజీ, సైటులో యూనిఫాంతో దిగిన ఫోటో, వాట్సాప్‌లో 'రేపు పొద్దున్నే రండి' అన్న వాయిస్ మెసేజ్ కూడా సాక్ష్యాలే. క్లెయిమ్‌కి గడువు మూడేళ్ళు. రావాల్సిన దానికి పదింతల దాకా పరిహారం వేసే అధికారం విచారణ అధికారికి ఉంది.

ఇప్పుడు వేలు పోయిన కుర్రాడి సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా తొందరపడాల్సిన విషయం ఇదే. పదివేలకి వేలిముద్ర వేయనివ్వకండి. ఒకవేళ ఇప్పటికే వేసినా భయపడక్కర్లేదు, పరిహారం హక్కుని వదులుకునే అలాంటి ఒప్పందం చట్టం ముందు చెల్లదు. అతనికి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటే ఈఎస్ఐ నుంచి, లేకపోతే యజమాని నుంచి పరిహారం రావాలి. చూపుడు వేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 14 శాతం నష్టమని చట్టంలోని పట్టిక (షెడ్యూల్) చెబుతుంది. 550 చొప్పున 26 రోజులకి అతని నెల వేతనం 14,300. అందులో 60 శాతం 8,580. దాన్ని పాతికేళ్ళ వయసుకి చట్టంలో ఉన్న గుణకం 216.91తో హెచ్చించి, అందులో 14 శాతం తీస్తే సుమారు 2,60,000 వస్తుంది. ఆస్పత్రి ఖర్చు దీనికి అదనం. నెలలోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా. పదివేలు ఎక్కడ, ఇది ఎక్కడ! నిజానికి 550 అన్న తక్కువ కూలే ఈ పరిహారాన్నీ తగ్గిస్తోంది. కూలిలో చేసిన అన్యాయం తెగిన వేలి ఖరీదులో కూడా కొనసాగుతుందన్నమాట. అందుకే కనీస వేతనం రేటు ఎక్కువగా ఉంటే దాని మీదే లెక్క కట్టమని అడగాలి.

వెంటనే చేయాల్సిన పనులు చెబుతాను. ఆస్పత్రి చీటీలో 'సైటులో మిషన్ వల్ల గాయం' అని రాయించండి. ఇంట్లో జారిపడ్డాడని రాయిస్తే కేసు అక్కడే దెబ్బతింటుంది. ఇలాంటి తీవ్రమైన గాయం గురించి రెండు రాష్ట్రాల అధికారులకీ, అతని ఇంటివాళ్ళకీ తెలియజేయాల్సిన బాధ్యత యజమానిది. తెలియజేశారా అని రాతపూర్వకంగా అడగండి. కుర్రాడు ఊరెళ్ళిపోయినా కేసు ఆగదు, తన ఊరి పరిధిలోని అధికారి దగ్గర కూడా క్లెయిమ్ వేసుకోవచ్చు. గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్ళు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. బయటి రాష్ట్రం వాళ్ళని కాదనడానికి లేదు.

మేస్త్రీ తన ఊరివాళ్ళని దగ్గరకు తీయడం గురించి రాశారు. నీడపట్టున పని ఎవరికిచ్చాడు, ఎవరితో కలిసి భోంచేస్తాడు అన్న వాటిలో కోర్టు కలగజేసుకోదు. ప్రభుత్వ ఉద్యోగంలో అయితే పుట్టిన చోటుని బట్టి వివక్ష చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణ అడ్డుపడుతుంది. ప్రైవేటు మేస్త్రీ మీద దాన్ని నేరుగా వాడలేం. కానీ ఆ అభిమానం కూలిలోకో, బట్వాడాలోకో, హెల్మెట్లలోకో వచ్చిందంటే చట్టం పరిధిలోకి వచ్చినట్టే. పదో అంతస్తులో బెల్టు లేకుండా నిలబెట్టిన ప్రతి ఒక్కరి విషయంలోనూ యజమాని తప్పు చేస్తున్నాడు. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆ సంగతి యజమానికీ, తనిఖీ అధికారికీ చెప్పే హక్కు మీకుంది.

మీ ఉత్తరంలో నాకు బాధనిపించిన మాట ఒకటుంది: 'కనీసం మా ఎనిమిది మందికైనా'. వద్దు. ఇరవై మందీ కలిసి వెళ్ళండి. ఎంతమంది తరఫునైనా ఒకే దరఖాస్తు వేయడానికి వేతనాల కోడ్ ఒప్పుకుంటుంది. ఎనిమిది మందే వెళితే, మీకు వంద పెంచి ఒడిశా వాళ్ళని 550 దగ్గరే ఉంచుతారు. ఆ తర్వాత వాళ్ళున్నారు కదా అని మిమ్మల్ని మానిపిస్తారు. పైగా మీ పలాస, ఇచ్ఛాపురం వైపు చాలామందికి ఒడియా వస్తుంది. అధికారి తెలుగులో అడిగింది అర్థంకాక ఆ కుర్రాళ్ళు తలూపేస్తారు, ఆ తలూపుడే స్టేట్‌మెంటుగా రికార్డయిపోతుంది. మీలో భాష వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని ఒక్కో మాటా వాళ్ళకి విప్పి చెప్పండి. ఏ లాయరూ చేయలేని సాయం అది.

లాయర్ ఖర్చు గురించి టెన్షన్ పెట్టుకోకండి. పారిశ్రామిక కార్మికులకీ, ఎస్సీ, ఎస్టీలకీ, మహిళలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. 15100కి ఫోన్ చేసినా, జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళినా దరఖాస్తు వాళ్ళే రాసిపెడతారు.

టిఫిన్ సెంటర్ విషయానికొస్తే, దుకాణాలు, హోటళ్ళలోకి రానివ్వడంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు వల్ల ఎవరికీ ఆంక్ష పెట్టకూడదని 15వ అధికరణ రెండో భాగం అంటోంది. ఇది ప్రభుత్వానికే కాదు, హోటల్ నడిపేవాళ్ళకీ వర్తిస్తుంది. ఒడిశా వాళ్ళన్న ఒక్క కారణం మీద పోలీసు కేసు నిలబెట్టడం కష్టమే. ఆ కుర్రాళ్ళు దళితులో గిరిజనులో అయ్యుండి, ఆ కారణంగానే బయట నిలబెడుతుంటే మాత్రం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు. ముందు ఒకసారి మీ ఎనిమిది మందీ వాళ్ళతో కలిసి వెళ్ళి అదే బల్ల దగ్గర కూర్చోండి. పాలమూరు నుంచి ముంబయికి, మీ జిల్లా నుంచి చెన్నైకి కూలికి పోయి ఇలాగే బయట నిలబడినవాళ్ళు మనలోనూ ఉన్నారని ఆ యజమానికి గుర్తుచేయండి.

పాప చదువుకి టీసీ అడ్డం కాదు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడానికి వీల్లేదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. వయసు రుజువు లేకపోయినా కాదనకూడదు. హెడ్మాస్టర్ గారికి తెల్ల కాగితం మీద అర్జీ ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. అప్పటికీ కుదరదంటే మండల విద్యాధికారికి అదే అర్జీ నకలు ఇవ్వండి.

రేషన్‌కి ఊరెళ్ళక్కర్లేదు. మీది జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డయితే దేశంలో ఏ రేషన్ షాపులోనైనా కార్డు నంబరు చెప్పి వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఇక్కడున్న మీ వాటా ఇక్కడ, ఊళ్ళో ఉన్న ఇంటివాళ్ళ వాటా ఊళ్ళో విడివిడిగా తీసుకునే వీలుంది. ఒడిశా కుర్రాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. డీలర్ మీ కార్డు ఇక్కడ చెల్లదంటే మిషన్‌లో నంబరు కొట్టి చూపించమనండి. అయినా ఇవ్వకపోతే తహసీల్దార్ ఆఫీసులో పౌరసరఫరాలు చూసే అధికారికి ఫిర్యాదు రాసివ్వండి.